తగాదా గట్టు

గొర్లెపేట వెనకున్న ఎర్రమెట్టలో కంపెనీవాళ్ళు గ్రావెల్ తవ్వుకున్నన్నాళ్ళూ ఏ అధికారీ ఆ ఛాయలకు రాలేదు. రావలసిన పనీ లేదు. తవ్వడంలో చూడ్డానికేముంది? కంకర ఉంటుంది, తీస్తారు, టిప్పర్లో పోస్తారు, టిప్పరు వెళ్ళిపోతుంది. సర్కారువారికి చూడాలని ముచ్చట పుట్టేది తవ్వడం అయిపోయాకే. అప్పుడు భూమి మీద ఎక్కడలేని ప్రేమా ముంచుకొస్తుంది. తవ్విన భూమిని పూర్వస్థితికి తేవాలని అందుకోసం ఒక రూలుంది. మంచి రూలే, ఎవరూ కాదనరు. దాని కిందనే ఇంకో రూలు కూడా ఉంది. పూర్వస్థితికి తెచ్చే పని పూర్తయ్యేదాకా లీజు కొనసాగుతుందట. అంటే గొయ్యి పూడ్చని కంపెనీకి శిక్ష ఏమిటయ్యా అంటే, ఇంకొన్నేళ్ళు తవ్వుకోవడం. కంపెనీవాళ్ళు చట్టానికి తలొంచే మనుషులు. ఆ శిక్ష అనుభవించడానికి సిద్ధపడి, పొక్లెయినును ఊరి చివర తాటితోపు పక్కన నిలబెట్టుకుని కూర్చున్నారు.

ఆ మెట్టలో గౌరునాయుడికి రెండెకరాలు, సింహాచలానికి రెండెకరాలు ఉన్నాయి. రెంటికీ మధ్య ఒక గట్టు ఉండేది. ఆ గట్టు ఎవరిదన్న సంగతి మీద వాళ్ళ తాతలు తిట్టుకున్నారు, తండ్రులు కొట్టుకున్నారు, వీళ్ళు కోర్టుకెక్కారు. గట్టు రాత్రికి రాత్రి జానెడు అటు జరిగేది, మర్నాటికి జానెడు ఇటు జరిగేది. దాని మీద మొలిచిన గడ్డి కోసేవాడు లేక అక్కడే ఎండిపోయేది. కోసినవాడి మీద రెండోవాడు కేసు పెడతాడు మరి. గొర్లెపేటలో ఆ గట్టుని గట్టు అనేవాళ్ళు లేరు. చిన్నపిల్లలు కూడా ‘తగాదా గట్టు’ అనే అనేవారు.

ఇద్దరూ మెట్టని కంపెనీకి లీజుకిచ్చాక, ఒకనాడు ఆ గట్టు కాస్తా టిప్పరెక్కి వెళ్ళిపోయింది. ఇప్పుడది ఏ హైవే కింద ఉందో ఆ హైవేకే తెలియాలి. ఆ రోజు గౌరునాయుడు గోతికి ఈ దరినీ, సింహాచలం ఆ దరినీ నిలబడి లోపలికి చూశారు. మూడు తరాల పగకి నిలబడ్డానికి చోటు లేకుండా పోయింది. చివరికి సింహాచలం గోతి చుట్టూ నడిచొచ్చి, “నిప్పుందేటి, బావా?” అన్నాడు. గౌరునాయుడు కాలుతున్న తన చుట్ట అందించాడు. వరసకి బావ అవుతాడన్న సంగతి ఇద్దరికీ పుట్టినప్పట్నుంచీ తెలిసినా, ఆ మాట నోట పలకడం అదే మొదలు.

లీజు గడువు దగ్గరపడింది. కంపెనీ పూడ్చదని తెలిసిపోయింది కాబట్టి, బావలిద్దరూ కలిసి తామే పూడ్చడం మొదలుపెట్టారు. గౌరునాయుడి బండీ ఎడ్లూ, సింహాచలం రెక్కలూ. కాలవలో పూడిక తీసిన ఒండ్రుమట్టి అంతా తెచ్చి పోశారు. ఎండాకాలం ఆసాంతం అదే పని. తీరా అయ్యేసరికి ఎర్రమెట్ట నల్లగా, చదునుగా, మధ్యన గట్టన్నది లేకుండా ఒక్కటే చెక్కగా తేలింది. గౌరునాయుడు పొద్దున్నే వెళ్ళి ఈ చివర నిలబడి ఆ చివరికి చూసేవాడు. చూపుకి ఎక్కడా అడ్డు తగిలేది కాదు. అందులో సగం తనది కాదన్న సంగతి తెలుసు. అయినా అంతా తనదే అనిపించేది. అంతా సింహాచలానిదే అనిపించినా బాధ ఉండేది కాదు. తొలకరికి ఆ నాలుగెకరాలూ కలిపి ఒక్కసారే గోగు చల్లాలని ఇద్దరూ అనుకున్నారు, విత్తనాలు కూడా తెచ్చుకున్నారు.

ఇక కావలసిందల్లా ‘భూమి పూర్వస్థితికి వచ్చినది’ అని ఒక సర్టిఫికెట్. అది జ్యేష్ఠం వెళ్ళేలోగా రావాలి. రాకపోతే లీజు దానంతటదే సాగుతుంది, తాటితోపు పక్కనున్న పొక్లెయిను మెట్టెక్కుతుంది, పోసిన ఒండ్రంతా మళ్ళీ టిప్పర్ల పాలవుతుంది.

తనిఖీకి వచ్చిన పునరుద్ధరణ అధికారి పేరు పరాంకుశరావు. సన్నగా, శుభ్రంగా ఉంటారు. లంచం ముట్టరు, కాఫీ ముట్టరు, నీళ్ళు కూడా ఇంటి నుంచే తెచ్చుకుంటారు. అంత నిజాయితీగల మనిషి వస్తున్నారని తెలిసి ఊరు సంతోషించింది. పాపం, ఊరికేం తెలుసు. లంచం తీసుకునేవాడితో ఒక్క పూటలో పని అయిపోతుంది.

ఆయన జీపు దిగి, మెట్ట అంచున నిలబడి, చేను వంక చూసి మొహం చిట్లించారు. వెనకనే ఫైలు పట్టుకుని వీఆర్వో ఉమాపతి నిలబడ్డాడు.

“ఇది ఏమి?” అన్నారు.

“చేనండి,” అన్నాడు గౌరునాయుడు.

“గొయ్యి ఏది?”

“పూడ్సీసినామండి.”

పరాంకుశరావుగారు వంగి గుప్పెడు మట్టి తీసి నలిపి చూశారు. “ఇది నల్లని మట్టి. సారవంతమైన మట్టి. పూర్వము ఇచట ఏమి యుండెను? ఎర్రకంకరతో కూడిన పనికిమాలిన భూమి యుండెను. పనికిమాలిన భూమిని పనికివచ్చు భూమిగా మార్చుటకు మీకు అధికారము ఎవరిచ్చిరి?”

బావలిద్దరూ మొహాలు చూసుకున్నారు. “బాగుంటాదని సేసినామండి,” అన్నాడు సింహాచలం.

“బాగుచేయుటను అభివృద్ధి అందురు. అభివృద్ధి వేరొక శాఖవారిది. మాది పునరుద్ధరణ. ఎట్లుండెనో అట్లు తేవలెను. అంతకన్న మెరుగుగా తెచ్చుట కూడ ఉల్లంఘనయే.” ఆయన చెయ్యి చాపారు. ఉమాపతి ఫైల్లోంచి ఒక కాయితం తీసి అందించాడు. తవ్వకం మొదలు కాకముందు ఎవరో పాత ఉద్యోగి మెట్టంతా తిరిగి రాసిన నివేదిక అది. “వినుడు. ‘సదరు భూమియందు కంకర దిబ్బ ఒకటి, దట్టమైన తుమ్మముళ్ళ తుప్పలు, పాముతో కూడిన చెదపుట్ట ఒకటి, నడుమ తగాదా గట్టు ఒకటి కలవు.’ వీనిలో ఒక్కటియు ఇచట కనబడుట లేదు.”

గౌరునాయుడి భార్య పైడమ్మ అంతదాకా కొంగు నోటికడ్డం పెట్టుకుని వింటోంది. “పూర్వస్థితంటే ఏటి బావూ? పోయిన జన్మ సంగతా?” అని అడిగింది.

“ఇంచుమించు,” అన్నారు పరాంకుశరావుగారు, జీపెక్కుతూ.

మర్నాటి నుంచి గొర్లెపేట ఒక వింత చూసింది. ఏ తుమ్మతుప్పల్ని పీకడానికి బావలిద్దరి చేతులూ నెత్తురోడాయో, ఆ తుప్పల్నే ఊళ్ళోంచి వెతికి తెచ్చి నాటారు. నాటి, కావిళ్ళతో నీళ్ళు తెచ్చి పోశారు. తుమ్మముళ్ళకి నీళ్ళుపోసి పెంచిన రైతులు భూప్రపంచంలో వాళ్ళిద్దరే అయ్యుంటారు. దారినపోయేవాళ్ళు ఆగి, “కాపు ఎప్పుడొస్తాదేటి?” అని అడిగి వెళ్ళేవారు. కంకర దిబ్బ కోసం పొరుగూరి క్వారీ నుంచి రెండు లోడ్లు కంకర తెచ్చి, మంచి ఒండ్రు మీద కుప్పపోశారు. చెదపుట్ట మాత్రం తయారుచేసేది కాదు కదా. కొండవారనున్న ఒక పుట్టని మొదలంటా తవ్వి, గడ్డి పరిచి ట్రాక్టరు మీద ఎక్కించారు. పుట్ట ఊళ్ళోంచి వస్తుంటే ఆడవాళ్ళు ఊరుకుంటారా? ఎదురొచ్చి పసుపూ కుంకుమా జల్లారు. ఒకామె పుట్ట కన్నంలో గుడ్డు కూడా వేసింది. ట్రాక్టరు మెట్ట చేరేసరికి ఎవరో దేవుణ్ణి ఊరేగిస్తున్నారనుకుని రెండు వీధులవాళ్ళు వెనకాల నడిచారు.

“బావా, మనం ఇదంతా మళ్ళీ పీకీసుకోవాల కదేటి,” అన్నాడు సింహాచలం, ముల్లు తీసుకుంటూ.

“కాయితం సేతికి రానీ. ఆనక ఒక్క పూట పని,” అన్నాడు గౌరునాయుడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంత పిచ్చిపని ఒంటరిగా చెయ్యాల్సొస్తే ఏడుపొచ్చేది గానీ, పక్కన మనిషుంటే అది కూడా సరదాగానే ఉంటుంది.

రెండోసారి వచ్చినప్పుడు పరాంకుశరావుగారి మొహం కాస్త తేటపడింది. తుప్పల్లో కాలుపెట్టి పంచె చింపుకుని, “సాంద్రత తృప్తికరము,” అన్నారు. దిబ్బ ఎక్కి దిగారు. పుట్ట దగ్గర మాత్రం ఆగిపోయారు.

“పాము ఏది?”

“ఊరెల్లింది గావాలండి,” అన్నాడు సింహాచలం.

“నివేదికలో ‘పాముతో కూడిన’ అని యున్నది. పాము లేని పుట్టను పుట్టగా నేనెట్లు పరిగణింతును?”

అప్పుడు ఉమాపతి ముందుకొచ్చాడు. అతను ఇరవయ్యేళ్ళుగా వీఆర్వో. లేనివాళ్ళని ఉన్నట్టూ, ఉన్నవాళ్ళని లేనట్టూ రాసి చేయి తిరిగినవాడు. అక్కడికక్కడే ఒక తెల్లకాయితం తీసి, జీపు బానెట్టు మీద పెట్టి నివాస ధ్రువపత్రం రాసేశాడు. ‘సదరు సర్పము సదరు పుట్టయందు శాశ్వత నివాసి అనియు, తనిఖీ సమయమున మేతకు వెళ్ళియుండెననియు, దీని నడవడి మంచిదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’ పరాంకుశరావుగారు దాన్ని రెండుసార్లు చదివి, ఆధార్ కార్డు నకలు జతచేయలేదేమని అడగబోయి, తమాయించుకుని, ఫైల్లో పెట్టుకున్నారు.

ఇక గట్టు మిగిలింది. బావలిద్దరూ చేను మధ్యన మోకాలెత్తు గట్టు అప్పటికే ముచ్చటగా వేసి ఉంచారు. పరాంకుశరావుగారు దాని మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, వెనక్కి వచ్చి నిలబడ్డారు.

“గట్టు ఉన్నది. తగాదా ఏది?”

గౌరునాయుడికి అర్థం కాలేదు. “ఏ తగాదా అండి?”

“నివేదికలో ‘గట్టు’ అని లేదు. ‘తగాదా గట్టు’ అని స్పష్టముగా యున్నది. పుట్టకు పాము ఎట్లో గట్టుకు తగాదా అట్లు. ఇది ఉత్త గట్టు.”

“అయ్యా, ఆ తగాదా ఎప్పుడో అయిపోనాదండి. మేమిప్పుడు బావా బావా అనుకుంతన్నాం.”

“ఎవరి అనుమతితో?”

పరాంకుశరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “లీజు అమలులో నుండగా స్థలమందలి ఏ అంశమునైనను తొలగించుటకు లిఖితపూర్వకముగా అనుమతి పొందవలెను. తగాదాను తొలగించుటకు దరఖాస్తు పెట్టితిరా?”

“నేదండి.”

“అయినచో మీది అనధికార రాజీ. దానిని నేను గుర్తింపజాలను. వచ్చే వారము తుది తనిఖీ. అప్పటికి తగాదాను యథాస్థానమున నెలకొల్పుడు.”

జీపు కదిలేముందు ఉమాపతి వెనక్కొచ్చి గౌరునాయుడి భుజం మీద చెయ్యేశాడు. “బెంగపడకండి నాయుడుగారూ. రాజీపడ్డం కష్టం గానీ తగువాడ్డం ఎంతసేపు? ఒక్క గంట గట్టిగా తిట్టుకోండి, కాయితం ఇచ్చి పంపించేస్తాం. ఆ పైన మీరూ మీరూ ఒకటే.”

ఆ వారమంతా గౌరునాయుడి అరుగు మీద తగాదా రిహార్సలు నడిచింది. సింహాచలం భోజనం చేసి వచ్చేవాడు, పైడమ్మ ఉల్లిపాయ పకోడీలు వేసి పెట్టేది, ఇద్దరూ తింటూ తిట్లు గుర్తు చేసుకునేవారు. “మీ అయ్య మా అయ్యని ఏటనీవోడు?” “నక్క మొకపోడా అనీవోడు.” “మా అయ్య మీ అయ్యని?” “అది ఆడోల ముందర సెప్పకూడదు, బావా.” కడుపులు పట్టుకుని నవ్వుకునేవారు.

పైడమ్మకి మాత్రం నవ్వు రాలేదు. “ఉత్తుత్తి తిట్లు మీకెక్కడొచ్చు?” అంది ఒకరోజు. “మీకు నిజం తిట్లే అలవాటు. ఏసం ఏసి తిట్టడం మీ ఇద్దరికీ పుట్టుకతో రాలేదు.”

“నీకన్నీ బయాలే,” అన్నాడు గౌరునాయుడు.

తుది తనిఖీ నాటికి ఊరంతా మెట్టెక్కింది. గట్టుకి ఇటు సగం మంది, అటు సగం మంది కూర్చున్నారు. పరాంకుశరావుగారికి కుర్చీ, పైన గొడుగు ఏర్పాటు చేశారు. ఉమాపతి ఫైలు తెరిచి పట్టుకున్నాడు. తాటితోపు దగ్గర పొక్లెయిను డ్రైవరు కూడా ఎక్కి కూర్చుని, పని పడుతుందేమోనని ఇటే చూస్తున్నాడు.

“ప్రారంభింపవచ్చును,” అన్నారు పరాంకుశరావుగారు.

గౌరునాయుడు గొంతు సవరించుకున్నాడు. “ఒరే సిమ్మాచలం, నా గట్టు ఏల జరిపినావు, బావా?”

“ఆగుడు. ‘బావా’ అను సంబోధన పూర్వస్థితిలో లేదు.”

గౌరునాయుడు మళ్ళీ మొదలుపెట్టాడు. “ఒరే సిమ్మాచలం, నా గట్టు ఏల జరిపినావు?”

“నేనేల జరుపుతాను? నువ్వే జరిపినావు, నక్క మొకపోడా,” అన్నాడు సింహాచలం. అని, నవ్వాపుకోలేక తుండుగుడ్డ నోటికడ్డం పెట్టుకున్నాడు. గట్టుకి రెండువైపులా జనం గొల్లున నవ్వారు.

పరాంకుశరావుగారు తల అడ్డంగా ఊపారు. “తీవ్రత లోపించినది. ఇది తగాదా కాదు, సరసము. ఈ స్థితిలో నేను సంతకము చేయజాలను. లీజు కొనసాగును.”

ఆ మాటకి డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. ఆ చప్పుడు విని సింహాచలం గాభరాపడ్డాడు. ఏదో ఒకటి గట్టిగా అనాలి, వెంటనే అనాలి. నోటికేం దొరికితే అది అనేశాడు.

“ఏటి నీ గట్టు? నువ్వేటి ఎత్తినావని నీ గట్టు? ఈ మట్టంతా ఎవుడు మోసినాడు? నా నడుం ఇరిగిపోయేలాగ నేను తట్టలు మోత్తంటే, నువ్వు తాటాకు పందిరి కింద కూకుని మోకాలు నొప్పి, మోకాలు నొప్పి అన్నావు.”

జనం మళ్ళీ నవ్వారు. గౌరునాయుడూ నవ్వబోయాడు. అంతలో సింహాచలం మొహం చూశాడు. ఆ మొహంలో నవ్వు లేదు. ఈ మాట అతను ఇప్పుడు కట్టింది కాదనీ, ఎండాకాలమంతా కడుపులో పెట్టుకు తిరిగిందనీ గౌరునాయుడికి తెలిసిపోయింది. అరుగు మీద పకోడీలు తింటున్నప్పుడు కూడా వీడు ఈ మాట దాచుకునే తిన్నాడా అనుకున్నాడు. ఆ పైన గౌరునాయుడి నోరు అతని మాట వినలేదు.

“నేను కూకున్నానేటి? నా బండి నేకపోతే కాలవ కాడి నుంచి నీ అమ్మ మొగుడు తెచ్చేవోడేటి మట్టి? ఈ మట్టి తోలీ నా ఎద్దు సచ్చిపోనాది. రాముడిలాంటి ఎద్దు. సచ్చిన రోజున ఊరంతా వొచ్చింది, నువ్వొచ్చినావేటి? గుమ్మంలోకి వొచ్చి ఒక్క మాట అన్నావేటి?”

నవ్వులు ఆగిపోయాయి. పైడమ్మ కళ్ళు మూసుకుంది. ఉమాపతి మాత్రం సంతోషంగా పరాంకుశరావుగారి వైపు వంగాడు. ఆయన చెయ్యెత్తి ఆపారు.

“ఆగుడు. ఇది ఏ తగాదా? పూర్వపు తగాదా గట్టు విషయమై. ఇది మట్టి విషయమై, ఎద్దు విషయమై. పునరుద్ధరణ అనంతరము ఉత్పన్నమైన నూతన తగాదా ఇది. దీనిని లెక్కలోనికి తీసుకొనుటకు వీలులేదు. దయచేసి దీనిని తొలగించి, పూర్వపు దానిని ప్రవేశపెట్టుడు.”

ఎవరు వింటున్నారు ఆయన మాట? సింహాచలం కళ్ళు ఎర్రబడ్డాయి. “నీ ఎద్దు నా మూలాన సచ్చిందేటి? ఛీ, నీతో పొత్తు పెట్టుకున్నందుకు నన్ను సెప్పుతో కొట్టాల.”

“పొత్తూ లేదు గిత్తూ లేదు. గట్టవతల ఉండు. ఇవతల కాలెడితే ఊరుకోను.”

“గట్టు నీదేటి? నా ఏపు జానెడు తోసేసి ఏసినావు.”

“జానెడు నువ్వే తోసినావు. మీ అయ్య తోసినాడు, నువ్వూ తోసినావు.”

ఇద్దరి చేతుల్లోకీ పారలెప్పుడు వచ్చాయో ఎవరూ చూడలేదు. గౌరునాయుడు గట్టుని అటు కొడితే సింహాచలం ఇటు కొట్టాడు. జనం పరుగెత్తి ఇద్దర్నీ చెరోవైపు లాగి పట్టుకున్నారు. పరాంకుశరావుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన మొహం మొదటిసారిగా వెలిగిపోయింది. “ఇదే,” అన్నారు మెల్లగా, “నివేదికలో నున్నది ఇదే,” అని నిలబడే సంతకం చేశారు.

ఉమాపతి సర్టిఫికెట్ చదివి వినిపించాడు. భూమి సర్వాంగసంపూర్ణంగా పూర్వస్థితికి వచ్చిందట. లీజు రద్దు. భూమి పట్టాదారుల పరం. చివర్న ఒక షరతు ఉంది. పునరుద్ధరించిన స్థితిని అయిదేళ్ళపాటు చెక్కుచెదరకుండా నిర్వహించాలి. దిబ్బ, తుప్పలు, పుట్ట, తగాదా, వీటిలో ఏది లోపించినా లీజు మళ్ళీ మొదలవుతుంది. ఆ షరతు చదువుతున్నప్పుడు కూడా గౌరునాయుణ్ణీ సింహాచలాన్నీ జనం పట్టుకునే ఉన్నారు.

పొక్లెయిను ట్రైలరెక్కి వెళ్ళిపోయింది. అనుకున్నట్టే తొలకరి కురిసింది. భూమి దక్కింది. గౌరునాయుడు తన వైపు గోగు చల్లుకున్నాడు, సింహాచలం తన వైపు చల్లుకున్నాడు. ఒకడు పొద్దున వస్తే ఇంకొకడు సాయంత్రం వచ్చేవాడు.

మొదటి వారం కోపం బాగానే కాపాడింది. ఆ తరవాత గౌరునాయుడికి చేను దగ్గర పొద్దుపోయేది కాదు. ఏదైనా వింత కనబడితే పక్కకి తిరిగి చెప్పబోయేవాడు. పక్కన తుమ్మతుప్ప ఉండేది. ఎద్దు చచ్చిన రోజున సింహాచలం జొరంతో మంచం మీదున్నాడు. ఆ సంగతి గౌరునాయుడికి అప్పుడూ తెలుసు, గట్టు మీద అరిచినప్పుడూ తెలుసు. తెలిసే అన్నాడు. అది తలుచుకుంటే ముద్ద దిగేది కాదు. ఒకరోజు పైడమ్మ దగ్గర ఏడ్చేశాడు. “ఎల్లి మాటాడీ,” అంది ఆవిడ. “మొదట వాడిని మాటాడమను,” అన్నాడు. కొన్నాళ్ళకి ఆ బిగువు కూడా సడలింది. వెళ్ళడానికి కండువా వేసుకున్నాడు. దారిలో ఉమాపతి ఎదురై, చెయ్యి పట్టుకు ఆపి, “నాయుడుగారూ, నలుగురిలోనూ నవ్వుకోకండి. కంపెనీవాళ్ళు ఊళ్ళో మనిషిని పెట్టారు. మీరిద్దరూ కలిసున్న ఫోటో ఒక్కటి చాలు, మెట్ట పోతుంది,” అన్నాడు. గౌరునాయుడు వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాడు.

గోగు నడుమెత్తు పెరిగాక పరాంకుశరావుగారు నిర్వహణ తనిఖీకి వచ్చారు. తుప్పలు బ్రహ్మాండంగా పెరిగాయి. దిబ్బ దిబ్బలాగే ఉంది. పుట్టలోకి నిజంగానే ఎక్కడి నుంచో పాము వచ్చి చేరింది. అది పడగెత్తితే ఆయన జీపులోంచే చూసి, ‘హాజరు’ అని రాసుకున్నారు. కబురందుకుని బావలిద్దరూ గట్టుకి చెరోపక్కా వచ్చి నిలబడ్డారు. ఇద్దరూ తలలు వంచుకున్నారు.

“తగాదా ఎట్లున్నది?” అన్నారు పరాంకుశరావుగారు.

“మాటల్లేవండి. రెణ్ణెల్లబట్టి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు,” అన్నాడు ఉమాపతి గర్వంగా.

“మాటలు లేకుండుట తగాదాయో, మనశ్శాంతియో ఫైలులో నేనెట్లు వ్రాయుదును? తగాదా యన్నది వినబడవలెను. వినబడనిచో లేనట్లే.”

గౌరునాయుడు నోరు తెరిచాడు. తిట్టు రాలేదు. కిందటిసారి ఆ నోటి నుంచి వచ్చినవి గుర్తొచ్చి నాలుక మడతపడిపోయింది. పోతే పోయింది భూమి అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

అప్పుడు గట్టవతల నుంచి సింహాచలం అరిచాడు.

“ఒరే గౌరునాయుడా, గుడ్డి ఎదవా, నీ కళ్ళేటి కాకులెత్తుకుపోనాయేటి? నీ చేను దచ్చినం మూల పురుగు పట్టీసి వారం అయినాది. ఆకంతా జల్లెడ సేసీసింది. ఇటు నుంచి నాకు కనపడతంది, అటు నుంచి నీకు కనపడదేటి? రేపు పొద్దున్న మందు కొట్టకపోతే పంటంతా నాసినమైపోద్ది, తెలివితక్కువ దద్దమ్మా. మా ఇంట్లో మందు డబ్బా మిగిలింది. నీ అంటోడికి నేనివ్వను. పాకలో చూరుకింద ఎట్టుంచుతాను, దొంగెదవవి కదా, వొచ్చి పట్టుకుపోతావు.”

గౌరునాయుడు తలెత్తి చూశాడు. సింహాచలం పళ్ళు కొరుకుతున్నాడు, చెయ్యి ఝాడిస్తున్నాడు, కళ్ళనిండా నీళ్ళు. గౌరునాయుడికి ప్రాణం లేచొచ్చింది. రెణ్ణెల్లుగా అంత చల్లటి మాట అతని చెవిన పడలేదు. తుండు నడుముకి బిగించి గట్టెక్కాడు.

“నువ్వేట్రా నాకు సెప్పొచ్చీది? నీ మొకం సూసుకున్నావేటి అద్దంలో? దవడలు పీక్కుపోయి తేగలాగ అయిపోనావు. కూడెట్టడం మానీసినారేటి మీ ఇంట్లో? మా ఇంట్లో ఈయేళ కొర్రమీను పులుసు. నీకు ముక్క కూడా దండగే. దొడ్డి గుమ్మం తీసుంతాది కదాని పొద్దు గూకకుండా వొచ్చీసి తినీసిపోతావేమో, నాకు తెల్దేటి నీ బుద్ది. నీ పెళ్ళాన్ని కూడా ఎంటేసుకొస్తావు, సిగ్గు నేనోడా. అయినా జొరంతో పడున్నోడిని పట్టుకుని మాటన్నోడికి బుద్ది నేదు. ఆడు పశువు. ఇన్నావేటి? ఆడు వొట్టి పశువు.”

“పశువేటి, ఆడు అడ్డగాడిద,” అని అరిచాడు సింహాచలం. “ఆడికంటే పెద్ద గాడిద ఇంకోడున్నాడు. మోకాలు నొప్పి మనిషిని పట్టుకుని మాటనీసినాడు. ఆడి నోట్లో పురుగులు పడ.”

పరాంకుశరావుగారు రాసుకుంటూ పోయారు. ఇంత ఏపుగా ఎదిగిన తగాదాని తన సర్వీసులో చూడలేదన్నారు. గౌరునాయుడి చెంపల మీద కారుతున్నదాన్ని కోపం కింద నమోదు చేసుకున్నారు. జీపు మలుపు తిరిగి కనబడకుండా పోయినా, గట్టు మీద కేకలు మాత్రం ఆగలేదు. రెణ్ణెల్ల మాటలు పేరుకుపోయున్నాయి మరి.

చేలో గోగాకు కోస్తున్న పైడమ్మ కాసేపు నిలబడి విన్నది. గంప నెత్తినెత్తుకుని ఇంటికి బయల్దేరింది. ఇంకో ఇద్దరికి బియ్యం పొయ్యాలి.